గోడ పలికేదాకా

జిడ్డమ్మ పోయిందట. పోయి కూడా నాలుగు నెలలైందట.

ఈ సంగతి నాకు బెంజ్ సర్కిల్ దగ్గర, పొద్దున్నే కూలీలు నిలబడే చోట తెలిసింది. మా ఫ్లాట్‌లో వంటింటి పైకప్పు పెచ్చులూడుతోంది, పెయింటరు ఎవరైనా దొరుకుతారేమోనని ఆటో దిగాను. రోలర్లూ డబ్బాలూ పట్టుకుని నిలబడ్డ వాళ్ల మధ్య, ఫుట్‌పాత్ అంచున, పాత నార కుంచె ఒళ్లో పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"టీచరమ్మగారు కదా?"

జిడ్డమ్మ వాళ్లాయన. సున్నాలు వేసేవాడు. మనిషి సగమైపోయాడు. "మీ ఆవిడ బావుందా?" అని అడిగాను.

"లేదుగామ్మా. శివరాత్రికి ముందు పోయింది. పొద్దున్నే లేచి టీ కాచింది, గిన్నె కడిగి బోర్లించింది, గోడకానుకుని కూర్చుంది. ఇంక లేవలా."

"ఏం జబ్బు చేసింది?"

"జబ్బేం లేదమ్మా. అలిసిపోయింది."

పెయింటరు సంగతి మర్చిపోయి, దిగిన ఆటోలోనే వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. నీరసం వచ్చింది. ఈ మధ్య నాకు ఏదొచ్చినా నీరసంగానే వస్తోంది.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా మా పాత వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆమె జిడ్డమ్మే. మామూలుగా మనం జిడ్డు అని ఎవర్నంటాం? సంతకం పెట్టేదాకా గుమ్మం వదలని ఇన్సూరెన్సు ఏజెంటుని అంటాం. వచ్చి కూర్చుంటే లేవని చుట్టాన్ని అంటాం. ఈమె ఎవర్నీ పట్టుకుని వేలాడిన మనిషి కాదు. ఒక మాట రెండోసారి అడిగిన మనిషి కాదు. ఊళ్లోవాళ్ల వంటింటి గోడల మీద జిడ్డు వదలగొట్టిన పాపానికి ఆ పేరు తన నెత్తిన పడింది. న్యాయం ఎలా ఉంటుందో చూడండి.

తొంభైల్లో బెజవాడ అద్దె ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఆమె పని ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జిడ్డు గోడ మీద సున్నం నిలవదు. వేసినప్పుడు తెల్లగా మెరిసిపోతుంది, నెల తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా లేచి పప్పుగిన్నెలో పడుతుంది. అందుకని సున్నాలాయన కుంచె ముట్టుకునే ముందు వాళ్లావిడ వచ్చి పొయ్యి వెనక గోడని పచ్చి గోడ చేసి అప్పగించాలి. ఆయన వరండాలో బకెట్లో నీలిమందు కలుపుకుంటూ బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. లోపల్నుంచి ఆమె పిలిస్తేనే వచ్చేవాడు.

"పలికిందా?" అని అడిగేవాడు.

"పలికింది, రా."

పలకడమంటే ఏమిటో మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. కడగడమంతా అయ్యాక ఆమె బొటనవేలు తడి చేసుకుని, గోడని గట్టిగా ఒత్తి పైకి రుద్దేది. చెవి గోడకి దగ్గరగా పెట్టేది. జిడ్డుంటే వేలు జారిపోతుంది, చప్పుడు రాదు. లేకపోతే కీచుమంటుంది. జానెడు జానెడు చొప్పున గోడంతా అలా విని, ఎక్కడ పలకలేదో అక్కడ మళ్లీ మొదలుపెట్టేది. "తెల్లగుంటే సరిపోద్దా టీచరమ్మా? కంటిదేముంది, కన్ను మోసపోద్ది. గోడ పలకాలి," అనేది.

ఆమె సరంజామా ఒక గోనెసంచిలో ఉండేది. తవుడు, ఊక బూడిద, బట్టల సోడా, నలగ్గొట్టిన కుంకుడుకాయలు, రెండు కొబ్బరి చిప్పలు, బోలెడు పీచు. చింతపండు పిప్పీ, నిమ్మడిప్పలూ మాత్రం ఏ ఇంట్లో పనైతే ఆ ఇంట్లోనే అడిగేది. ముందు రోజే కబురు పెట్టేది, పులుసు పిసికిన పిప్పి పారెయ్యొద్దని. మొదట పొడి తవుడు గోడకి అద్ది కాసేపు వదిలేసేది, పైపై నూనె అది పీల్చుకునేది. తర్వాత కొబ్బరి చిప్ప అంచుతో గీకేది. చాకు ముట్టనిచ్చేది కాదు, గోడకి గాయమవుతుందట. ఆ పైన కుంకుడు రసంలో సోడా కలిపి, పొగలు కక్కే నీళ్లు గోనెగుడ్డతో పట్టించేది. అదీ పైనుంచి కిందికి కాదు, కింద నుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే మురికి ధారలు కట్టి ఎండు గోడ మీద చారలు పడతాయి, ఆ చారలు జన్మకి వదలవు. ఈ చిన్న సంగతి నాకు డిగ్రీ దాకా చదివినా తెలియదు.

పట్టించాక కూర్చునేది. ఊరికే. అరగంట. ఇంటివాళ్లకి ఒళ్లు మండేది. "ఏవిటే జిడ్డమ్మా, కూలికొచ్చావా కూర్చోడానికొచ్చావా?" అనేవాళ్లు. ఆమె లేచేది కాదు. "కడిగేది నేను కాదమ్మా, నానడమే కడుగుద్ది," అనేది.

చేతులు మాత్రం చూడలేకపోయేవాళ్లం. సోడా తిని తిని వేళ్ల కొసలు నున్నగా, ఎర్రగా అయిపోయాయి. రేషను షాపులో వేలిముద్ర వేస్తే ఉత్త సిరా మచ్చ పడేదట, గీతలు లేకుండా. "నీకు వేలే లేదంటన్నాడమ్మా డీలరు, ఇదిగో పది ఉన్నయ్ ఎంచుకోమన్నా," అని నవ్వేది. సాయంత్రం పనయ్యాక నూనెచుక్క అడిగి చేతులకి రాసుకునేది. "పొద్దస్తమానం తియ్యడం, పొద్దుగూకేసరికి పూసుకోడం. నా బతుకు చూడు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా తనే నవ్వేది, నాకు నవ్వొచ్చేది కాదు.

అన్నిటికంటే విచిత్రం, ఆమె జిడ్డు చదివేది. వేడినీళ్లు తగలగానే గోడలో ఉన్న పాత వంటలన్నీ లేచొస్తాయి. ఆమె బొటనవేలూ చూపుడువేలూ రాపాడించి వాసన చూసి, "ఇది పామాయిలు. చలికాలం పేరుకున్నది. ఇదిగో ఈ మూల నెయ్యి, పురిటి మనిషి ఉండి ఉంటది. ఇక్కడ రోజూ గారెలో బజ్జీలో వండారు, ఎవరో అమ్ముకునేవాళ్లు," అని చెప్పేది. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల సంసారమంతా ఆమెకి ఆ వేళ్ల మధ్య తెలిసేది.

ఇంటిగలవాళ్లకి మాత్రం ఆ చదువులో ఒక్క ముక్కే కావాలి. "నీసు వండారా?"

మేము ఆ పాత వీధిలో, ఇంటిగలవాళ్ల మేడమీద వాటాలో దిగిన రోజు నేను ఆమెని మొదటిసారి చూసింది ఆ ప్రశ్నతోనే. సామాను వరండాలోనే ఉంది. వంటింట్లో ఆమె గోడ కడుగుతోంది. ఇంటిగలావిడ గుమ్మంలో నిలబడి అడుగుతోంది, ముందున్నవాళ్లు గుడ్లు గానీ చేపలు గానీ వండారా అని.

"లేదమ్మా, పప్పూ కూరలే," అంది జిడ్డమ్మ.

ఇంటిగలావిడ తృప్తిగా నావైపు తిరిగింది. "మనది పద్ధతిగల ఇల్లండీ టీచరుగారూ. అందుకే మీలాంటివాళ్లకే ఇస్తాం."

మీలాంటివాళ్లు. అదే మా కొంప ముంచిన మాట. మేము క్రిస్టియన్లం. పేర్లు చూస్తే ఎవరికీ తెలియదు. మా ఆయన కొండపల్లి థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు ఉద్యోగం, పొద్దున్నే బస్సుకి పరుగు. నేను అదే వీధి చివర ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నాలుగేళ్లలో మూడు ఇళ్లు మారాం. ఒకచోట మీరు ఏవిట్లని కులం అడిగారు, నిజం చెప్పాం, మర్నాడు ఇల్లు చుట్టాలకిచ్చేశామన్నారు. ఇంకోచోట ఆదివారం కోడికూర వాసన గోడ దాటింది. విసుగొచ్చి ఈ ఇంటి దగ్గర మా ఆయన నా మొహం చూడకుండా, "మేం వెజిటేరియన్లమేనండీ," అనేశాడు.

అబద్ధం ఆడటం తేలికే, దానితో కాపురం చెయ్యడమే కష్టం. బైబిలు ట్రంకుపెట్టె అడుగున. ఆదివారం చర్చికెళ్తూ "మా అక్కావాళ్లింటికండీ" అని చెప్పడం. స్కూలు నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి పర్సులోంచి స్టిక్కరు బొట్టు తీసి పెట్టుకోవడం. తిండి ఎందుకు మానుకోలేకపోయారంటారా? మానుకున్నాం చాలావరకు. ఎండు నెత్తళ్లు మాత్రం మానుకోలేకపోయాం. మా అమ్మ పొట్లం కట్టి పంపేది. వానొచ్చిన రోజు, కిటికీలు మూసి, పళ్లెం మూతపెట్టి వేయించేదాన్ని. చిన్న మూకుడులో వేగుతున్న నాలుగు చేపల కోసం దొంగలా చెమటలు పట్టేవి.

మొదటి ఏడాది దసరాకి సున్నాలు వేయిస్తామన్నారు. జిడ్డమ్మ వస్తుందని తెలిసి రెండు రాత్రులు నిద్ర లేదు. వచ్చింది. తవుడు అద్దింది, గీకింది, వేడినీళ్లు పట్టించింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిరితోపాటు లేచొచ్చింది మా అమ్మ పంపిన నెత్తళ్ల వాసన, నిన్న వండినట్టు.

ఆమె వేళ్లు రాపాడించుకోలేదు. నావైపు చూడలేదు. చెయ్యి చాపి కిటికీ రెక్క మూసింది.

"టీచరమ్మా, పోపు పెట్టండి."

"దేనికి?"

"దేనికో దానికి. ఉత్త పోపే. ఇంగువ ఎక్కువేయండి."

ఖాళీ మూకుడులో నూనె పోసి ఆవాలూ ఎండుమిరపకాయలూ ఇంగువా వేశాను. ఆ ఘాటుకి ఇద్దరం కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గాం. కింద నుంచి ఇంటిగలావిడ, "ఏం వండుతున్నారు టీచరుగారూ, ఘుమఘుమలాడిపోతోంది!" అని కేకేసింది. జిడ్డమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా నవ్వింది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

ఆ తర్వాత ఆమె సాయంత్రాలు అటుగా వెళ్తూ ఆగేది. వేయించినప్పుడు గోడకి తడి గోనెగుడ్డ వేలాడదీసుకోమని చెప్పింది, నూనె ఆవిరి గుడ్డకి పడుతుందని. మూకుడు చల్లారకముందే ఊక బూడిదా చింతపండు పిప్పీ వేసి తోమమంది. నిమ్మడిప్పలు నీళ్లలో మరిగిస్తే వాసన విరుగుతుందంది. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు తీసి సోడా నీళ్లలో ఎలా నానబెట్టాలో పక్కన కూర్చుని చూపించింది. మీది ఏ కులం, ఏ మతం అని ఒక్కసారి అడగలేదు. నాకంటే పాతికేళ్లు పెద్దది. నేను నువ్వు అనేదాన్ని, ఆమె మీరు అనేది. అదేమిటని నాకెప్పుడూ అనిపించలేదు.

మూడో దసరాకి నాకు ఎనిమిదో నెల. మా పెద్దదానికి మూడేళ్లు. ఇంగువ డబ్బా మూత తీస్తే చాలు కడుపులో తిప్పేసేది. ఈసారి పోపు నావల్ల కాదన్నాను.

"సరే, ఓనరమ్మ గుడికెళ్లినప్పుడు కానిచ్చేద్దాంలే. కొండమీదికెళ్తే మధ్యాహ్నం దాకా రాదు," అంది.

అలాగే ఆవిడ వెళ్లాక మొదలుపెట్టింది. నేను ముందుగదిలో మంచం మీద పడుకున్నాను. వాళ్లాయన ఇంకా రాలేదు, సున్నం తేవడానికి వెళ్లాడు. వంటింట్లోంచి ఆవిరీ, దాంతోపాటు ఆ వాసనా వస్తున్నాయి. గదులు రెండే కదా, ఇల్లంతా నిండింది. అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు. క్యూ పెద్దగా ఉందని ఇంటిగలావిడ కింద నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. చేతిలో ప్రసాదం. కడుపుతో ఉన్నదానికి ముందు పెట్టాలని సరాసరి మేడెక్కి వచ్చింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవిటీ వాసన?"

నేను లేచి కూర్చున్నాను. ఆవిడ ప్రసాదం చెయ్యి పైకెత్తి పట్టుకుని వంటింటి దాకా నడిచింది. గోడ మీద జిడ్డు కరిగి గోధుమరంగు చెమటలా కారుతోంది.

"చెప్పవే జిడ్డమ్మా. ఇది నీసు కాదూ? వీళ్లు నీసు వండారా?"

నాకు ఆ క్షణంలో కనబడ్డవి చెబుతాను. వరండాలో మళ్లీ కట్టిన సామాను. మూడేళ్ల పిల్ల. పొట్ట. అద్దెకి ఇల్లు అడిగితే ముందు పొట్ట చూసి, తర్వాత మొహం చూసి, ఏవిట్లమ్మా అనే మనుషులు.

"టీచరమ్మ కాదమ్మా. నాది," అంది జిడ్డమ్మ. "నా క్యారేజీలో కూర. ఎండుచేపలు. చల్లారిపోతే మొన్న ఫ్యాను విప్పడానికొచ్చినప్పుడూ ఇయ్యాళా ఈ పొయ్యి మీద ఎచ్చబెట్టుకున్నా. టీచరమ్మకి తెలవదు, పడుకునుంది."

"పొయ్యి మీదా!"

ఇంటిగలావిడ కేకకి మా పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది. క్యారేజీ అన్నం దొడ్లో కూర్చుని తింటే ఆవిడేమీ అనేది కాదు, ఇరవయ్యేళ్లుగా ఆమె అలాగే తింటోంది. కానీ పొయ్యి మీద. పద్ధతిగల ఇంట్లో, శాకాహారుల పొయ్యి మీద, దసరాల్లో. ఎన్ని మాటలందో రాయను. అన్నీ అన్నాక నావైపు తిరిగింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నా కోసం.

"అయ్యో టీచరుగారూ, కడుపుతో ఉన్నారు, మీ పొయ్యి మైలచేసిందమ్మా! ఆ స్టవ్వు ముట్టుకోకండి, పసుపునీళ్లు చల్లిస్తాను. ఇలా ఎన్నిసార్లు చేసిందంటారు?"

"నాకు తెలీదండీ," అన్నాను.

ఆ రోజంతటికీ నేను మాట్లాడింది ఆ రెండు ముక్కలే. జిడ్డమ్మ అప్పటికే గోనెసంచిలో చిప్పలు సర్దుకుంటోంది. నా మాట వింది. ఇంటిగలావిడ తలస్నానం చెయ్యాలి ఖర్మ అనుకుంటూ కిందికి దిగిపోయి తలుపేసుకుంది. జిడ్డమ్మ సగం కడిగిన గోడవైపు ఒకసారి చూసి, సంచి భుజాన వేసుకుని నా ముందునుంచే వెళ్లింది. నేను మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. కాళ్లు కదల్లేదు.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆ వరసలో అందరివీ పద్ధతిగల ఇళ్లే. జిడ్డమ్మని రావద్దన్నారు, వాళ్లాయన్నీ రావద్దన్నారు. ఆ ఇద్దరికీ ఏడాదిలో సగం తిండి పెట్టే వీధి అది. మా ఇంటికి ఇంకెవరో వచ్చి సున్నం వేశారు, ఉగాదికల్లా అంతా రాలిపోయింది. మేము మాత్రం రాలిపోలేదు. ఇంకో మూడేళ్లు హాయిగా ఉన్నాం. కొత్తగా ఎవరొచ్చినా ఇంటిగలావిడ మేడవైపు చూపించి, "మా టీచరుగారు బంగారం," అనేది. ఆ ఇంట్లో నేను మళ్లీ చేప వండలేదు. పుణ్యానికి కాదు, భయానికి.

ఆమెని వెతుక్కుంటూ వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. కొండవాలులో ఇల్లు, మెట్లు ఎక్కలేననుకున్నాను. పురుడయ్యాక వెళ్దామనుకున్నాను. పిల్లలు కాస్త పెద్దయ్యాక అనుకున్నాను. స్కూలు, వంట, పేపర్లు దిద్దడం, మళ్లీ స్కూలు. మనకి ఇష్టం లేని పనికి తీరిక ఎప్పుడూ దొరకదు.

సొంత ఫ్లాటు కొనుక్కుని, తలుపు మీద శిలువ పెట్టుకుని, ఆదివారం కిటికీలు బార్లా తెరిచి చేపల పులుసు వండుకునే రోజులొచ్చాక ఆమె మళ్లీ కనబడింది. కంకిపాడులో మా చుట్టాల పెళ్లి. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోడానికి ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లాను. అక్కడ కొళాయిల దగ్గర మనిషి పట్టేంత డేగిసా ఒకటి పక్కకి పడుకోబెట్టి ఉంది. దాని లోపల ఎవరో నడుము దాకా దూరి పీచుతో తోముతున్నారు. కాసేపటికి తోమడం ఆగింది. కీచుమని వేలి చప్పుడు వినబడింది.

ఆమె వెనక్కి వచ్చి నన్ను చూసి, "టీచరమ్మా! ఎంత లావయ్యారు!" అంది.

పట్టుచీరతోనే పక్కనున్న బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. "ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"ఉన్నారా? ఇదేంటమ్మా కొత్తగా," అని నవ్వింది. నవ్వు కూడా అలిసిపోయి ఉంది. క్యాటరింగువాళ్ల దగ్గర గిన్నెలు తోముతోందట. ఇప్పుడందరివీ టైల్సు కదమ్మా, గోడలెవరు కడిగిస్తారు అంది. నడుం వంగిపోయిందట, డేగిసాలోకి దూరడానికి అదీ మంచిదేనట.

ఎన్నేళ్లుగానో నోట్లో నానుతున్న మాట అడిగాను. "ఆ రోజు పొయ్యి మీద వేడి చేసుకున్నానని ఎందుకన్నావు? ఊరికే తిన్నానంటే అంత గొడవయ్యేది కాదుగా."

ఆమె నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసింది. "చల్లారిన కూడు తింటే జిడ్డు గోడకెట్టా ఎక్కుద్దమ్మా? ఓనరమ్మ గోడవైపే చూస్తందిగా. అబద్ధమైనా గోడకి అతకాలిగా." చేతులు కొళాయి కింద పెట్టుకుని మళ్లీ అంది, "నన్నేమంటదిలే అనుకున్నా. నేను తినేదేంటో ఆమెకి తెలవందా? ఇరవయ్యేళ్లు కడిగా వాళ్ల గోడలు. అంత మాటంటదనుకోలా."

"నేను నోరు తెరవలేకపోయాను. కడుపుతో ఉన్నాను, ఇల్లు పోతే..."

"తెలుసమ్మా. మిమ్మల్ని ఆమె ముందు చెప్పమన్లేదు. చెప్తే ఇల్లు పోద్ది, నాకు తెలవదా?" కొళాయి కట్టేసింది. "ఆమె కిందికెళ్లి తలుపేసుకుంది. ఎవరూ లేరు. నేను మెట్ల మీద కాసేపు నిలబడ్డా. మీరొస్తారేమో అనుకున్నా. వచ్చి ఏం చెప్పక్కర్లా, 'ఏమే, ఎల్తన్నావా' అంటే చాలనుకున్నా. మీరు తలుపు దాకా అయితే వచ్చారు. గడియ పెట్టుకున్నారు."

కోపంగా అనలేదు. పెళ్లిలో ఏం కూరలు పెట్టారో చెప్పినట్టు చెప్పింది. చెప్పి మళ్లీ డేగిసాలోకి వంగింది.

ఈ సంగతి ఇంతకు ముందు మా ఆయనకి చెప్పాను, మా అక్కకి చెప్పాను, ఇందాక మీకూ చెప్పాను. చెప్పినప్పుడల్లా మంచం మీదే కూర్చుండిపోయాననీ, కాళ్లు కదల్లేదనీ చెప్పాను. అబద్ధం. కాళ్లు కదిలాయి. ఎనిమిదో నెల పొట్టతో గోడ పట్టుకుని తలుపు దాకా నడిచాను. రెక్కల సందులోంచి ఆమె వీపు కనబడింది, భుజాన సంచి కనబడింది. ఇటు తిరగబోతోందని తెలిసింది. గడియ పెట్టాను.